నడకకూ పనికొచ్చే క్లిప్‌లెస్ పెడల్స్: ముందు షూ ఎంచుకోండి, పెడల్ ఆ తర్వాత

శ్రీకాకుళం నుంచి ప్రశ్న పంపిన మిత్రులకు నమస్కారం. ఇక్కడ చదివే మిగతావారి కోసం మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. మీ దగ్గర హైబ్రిడ్ సైకిల్ ఉంది. ఆదివారాలు కళింగపట్నం తీరం దాకా వెళ్తారు, దారిలో శాలిహుండం కొండ ఎక్కుతారు, వారంలో రెండు మూడు రోజులు ఆఫీసుకు కూడా సైకిల్ మీదే వెళ్తారు. వానల్లో మామూలు పెడల్ మీద కాలు జారుతోందని క్లిప్‌లెస్ పెడల్స్ వేయించుకోవాలనుకుంటున్నారు. కొంటే రోడ్ రేసింగ్ షూలే కొనమని మీ స్నేహితుడు అంటున్నారు. వాటితో మెట్లెక్కగలనా, ఆఫీసులో నడవగలనా అన్నది మీ సందేహం. తీరంలోని ఇసుకకు క్లీట్లు, అంటే షూ అడుగున బిగించి పెడల్‌కు తగిలించే చిన్న బిళ్లలు, పాడవుతాయా అని కూడా అడిగారు.

నా సమాధానం ఇది. రెండు బోల్టుల క్లీట్ పట్టే, రబ్బరు సోల్ ఉన్న మౌంటెన్ లేదా టూరింగ్ షూ తీసుకోండి. దానికి ఎస్‌పీడీ రకం, అంటే చిన్న క్లీట్‌ను పట్టుకొనే పెడల్స్ వేయించుకోండి. మూడు బోల్టుల రోడ్ షూ మీ అవసరానికి సరిపోదు. అయితే ఎస్‌పీడీ అని రాసి ఉన్న ప్రతి షూతోనూ హాయిగా నడవలేము. చాలామంది పెడల్ గురించి నెల రోజులు ఆలోచించి, షూను మాత్రం అరగంటలో కొనేసి, తర్వాత బాధపడుతున్నారు. విజయనగరం నుంచి 14 ఏళ్లుగా సైకిల్ తొక్కుతూ, నాలుగు జతల షూలు అరగదీసిన అనుభవంతో చెబుతున్నాను: నడక సుఖాన్ని నిర్ణయించేది షూ, పెడల్ కాదు.

పేరు దగ్గర కొత్తవారు తికమక పడతారు కాబట్టి ఆ సంగతి ముందు చెప్పేస్తాను. పాతకాలపు రేసు సైకిళ్లకు పెడల్ ముందు ఒక ఇనుప పంజరం, దానికి తోలు పట్టీ ఉండేవి. ఆ పంజరాన్ని టో క్లిప్ అనేవారు. అది లేకుండానే షూను పట్టి ఉంచే పెడల్ కనుక దీనికి క్లిప్‌లెస్ అన్న పేరు వచ్చింది. ఫ్రాన్సుకు చెందిన లుక్ సంస్థ 1984లో ఇలాంటి పెడల్‌ను మార్కెట్లోకి తెచ్చింది. మరుసటి ఏడాది ఫ్రెంచ్ రేసర్ బెర్నార్డ్ ఇనో ఆ పెడల్స్‌తోనే టూర్ డి ఫ్రాన్స్ గెలవడంతో రేసర్లు అటు మళ్లారు. ఆ పద్ధతిలో క్లీట్ పెద్దది, షూ అడుగున బయటికి పొడుచుకొని ఉంటుంది, మూడు బోల్టులతో బిగుస్తుంది. మౌంటెన్ సైకిల్ తొక్కేవారికి అది కుదరలేదు. బురదలో దిగాలి, రాళ్ల మీద సైకిల్‌ను భుజాన వేసుకొని నడవాలి. వారి కోసం జపాన్‌కు చెందిన షిమానో సంస్థ 1990లో ఎస్‌పీడీని తెచ్చింది. చిన్న ఉక్కు క్లీట్, రెండు బోల్టులు, సోల్‌లో గుంట చేసి ఆ గుంటలో క్లీట్‌ను దాచే ఏర్పాటు. అంటే సైకిల్ దిగి నడిచేవారిని దృష్టిలో పెట్టుకొనే ఈ పద్ధతి పుట్టింది. మీ శాలిహుండం మెట్లకు ఇది సరిపోవడానికి కారణం అదే.

మీ స్నేహితుడి మాటను నేను తోసిపుచ్చడం లేదు. పెద్ద క్లీట్ వల్ల పాదం మీద ఒత్తిడి ఎక్కువ వైశాల్యంలో పరుచుకుంటుంది, సోల్ వంగదు, గంటల తరబడి ఒకే వేగంతో తొక్కేవారికి అది సుఖం. కానీ ఆ సుఖం సైకిల్ మీద ఉన్నంతసేపే. నేను మొదట కొన్నది ఆ షూలే. ఒక వానాకాలం ఉదయం రణస్థలం దగ్గర టిఫిన్ కోసం ఆగాను. దుకాణం ముందు గచ్చు తడిగా ఉంది. రెండో అడుగు వేసేసరికి ప్లాస్టిక్ క్లీట్ జారి మోచేయి మీద పడ్డాను. అదే ఏడాది పూసపాటిరేగ దాటాక వెనక టైరు చీరుకుపోయి, జాతీయ రహదారి పక్కన సుమారు నాలుగు కిలోమీటర్లు సైకిల్‌ను నడిపించుకుంటూ రావాల్సి వచ్చింది. ఇంటికొచ్చి చూస్తే కొత్త క్లీట్ల ముందు అంచులు సగానికి అరిగిపోయాయి. వాటికి రబ్బరు తొడుగులు దొరుకుతాయి, జేబులో పెట్టుకొని దిగినప్పుడల్లా తొడుక్కోవచ్చు. కాని ఆదివారం ఒక్కరోజే అయిదారు సార్లు దిగే మనలాంటివారికి ఆ పని విసుగనిపిస్తుంది, ఏదో ఒకరోజు ఆ తొడుగు ఇంట్లోనే మరిచిపోతాం.

ఇక అసలు విషయమైన షూ సంగతికి వస్తాను. నడకకు పనికొచ్చే షూను మూడు చోట్ల పరీక్షించాలి.

మొదటిది, క్లీట్ ఎంత లోతున దాగుతుందన్నది. క్లీట్ బిగించిన షూను వంటింటి గ్రానైటు గట్టు మీద పెట్టి, షూలో చేయి పెట్టి ముందు భాగాన్ని గట్టిగా అదమండి. ఇప్పుడు క్లీట్ కిందికి ఒక పెళ్లి శుభలేఖ అట్టను పక్కనుంచి తోయండి. అది అడ్డం లేకుండా దూరితే ఆ షూతో నిశ్చింతగా నడవవచ్చు. అట్ట తట్టుకుంటే మాత్రం మీ బరువుకు రబ్బరు అణిగి, ప్రతి అడుగుకూ క్లీట్ నేలను గీరుతుంది. గచ్చు మీద కరకరమనే ఆ చప్పుడు వినడానికి ఇబ్బందిగా ఉండటం ఒక్కటే సమస్య కాదు, నున్నటి బండ మీద ఉక్కు జారుతుంది. ఆఫీసులో టైల్స్ మీద గీతలు కూడా పడతాయి. క్లీట్‌కూ నేలకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉన్న షూ కొంటే, రబ్బరు కొంత అరిగినా ఇంకొన్నేళ్లు ఈ బాధ ఉండదు. దుకాణంలో క్లీట్ లేకుండానే షూ చూపిస్తారు కనుక, మీతో ఒక క్లీట్ పట్టుకెళ్లి గుంటలో ఆనించి చూడటం మంచిది.

రెండోది, సోల్ ఎక్కడ వంగుతుందన్నది. షూ మడమను ఒక చేత్తో, వేళ్ల భాగాన్ని మరో చేత్తో పట్టుకొని వంచండి. క్లీట్ ఉండే మధ్యభాగం గట్టిగా నిలబడి, దాని ముందున్న వేళ్ల భాగం మాత్రం కొంచెం పైకి లేవాలి. అసలు వంగని కార్బన్ సోల్‌తో మెట్లెక్కితే పాదం వంగాలని చూస్తుంది, షూ వంగదు, దాంతో అడుగడుగునా మడమ షూలోంచి పైకి లేస్తుంది. నా రెండో జత అలాంటిదే. దానికి రెండు బోల్టుల క్లీటే ఉన్నా అది రేసుల కోసం చేసిన షూ. దాంతో రామతీర్థం బోధికొండ రాతిమెట్లు ఎక్కి దిగేసరికి రెండు మడమలకూ బొబ్బలు లేచాయి, తిరుగు ప్రయాణమంతా మంటతోనే తొక్కాను. షూ గట్టిదనాన్ని షిమానో 12 వరకు సాగే సూచికలో అంకెగా తెలుపుతుంది. నడక, సైకిల్ రెండూ కావాలనుకునేవారికి ఆ సూచికలో 5, 6 అంకెల దగ్గర ఉన్నవి నప్పుతాయని నా అనుభవం. ఇతర కంపెనీల సూచికలు వేరుగా ఉంటాయి, ఒకదానితో ఒకటి పోల్చకండి. చేత్తో వంచి చూడటమే నమ్మదగిన పరీక్ష.

మూడోది, మడమ పట్టు, ముందు భాగం వెడల్పు. చిన్నప్పటి నుంచి చెప్పులతో, వట్టి కాళ్లతో తిరిగిన మన పాదాలు వేళ్ల దగ్గర వెడల్పుగా ఉంటాయి. విదేశీ సైకిల్ షూలు చాలావరకు అక్కడ ఇరుకుగా వస్తాయి. పొడవు ఎక్కువున్న షూ కొని సర్దుకుందామనుకుంటే మడమ వదులై నడకలో జారుతుంది. అందుకని పొడవు పెంచకుండా, అదే సైజులో వెడల్పు రకం ఉందేమో అడగండి. గోడకు మడమ ఆనించి, కాగితం మీద నిలబడి, అన్నిటికన్నా పొడవైన వేలి దగ్గర గీత గీసి మిల్లీమీటర్లలో కొలవండి. ఇది సాయంత్రం చేయాలి, ఎందుకంటే రోజంతా తిరిగిన పాదం కొంచెం ఉబ్బుతుంది, మన ఎండాకాలంలో ఇంకా ఉబ్బుతుంది. మన రెండు పట్టణాల దుకాణాల్లో ఈ షూలు దొరకడం అరుదు. విశాఖపట్నం వెళ్లి తొడిగి చూడగలిగితే అదే మేలు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే వాపసు తీసుకుంటారో లేదో ముందే చూసుకోండి, ఇంట్లో గదిలోనే నడిచి చూడండి, నమ్మకం కుదిరాకే క్లీట్ బిగించండి.

బిగింపు విషయంలో తాళ్లకన్నా వెల్క్రో పట్టీలనే నేను ఇష్టపడతాను. అరసవల్లిలోనో, శ్రీకూర్మంలోనో గుడి ముందు ఆగినప్పుడు చటుక్కున విప్పి స్టాండులో పెట్టవచ్చు. తాళ్లు ఉన్నదే కొంటే ముడి వేశాక మిగిలిన కొసలను తప్పనిసరిగా లోపలికి దోపండి, లేకపోతే గొలుసులో చిక్కుకుంటాయి. డయల్ తిప్పి బిగించేవి చాలా బాగుంటాయి, అయితే ఆ డయల్ పాడైతే విడిభాగం మన దగ్గర దొరకదు.

పెడల్స్ దగ్గర ఎంపిక తేలిక. మీరు ఆఫీసుకు ఎప్పుడూ ఇవే షూలు వేసుకొని వెళ్తారంటే రెండు వైపులా క్లీట్ పట్టే పెడల్ తీసుకోండి. షిమానో ఎం520 ఎన్నో ఏళ్లుగా ఉన్నది, బరువు కొంచెం ఎక్కువైనా మొండిగా పనిచేస్తుంది. నా దగ్గరున్న జత తొమ్మిదేళ్లుగా తిరుగుతోంది. అలా కాకుండా కొన్ని రోజులు చెప్పులతోనో, మామూలు బూట్లతోనో కూరగాయలకు కూడా వెళ్తారంటే ఒకవైపు చదునుగా, మరోవైపు క్లీట్ పట్టేలా ఉండే ఈహెచ్500 లాంటిది మేలు. దాని లోపం ఒక్కటే. బయలుదేరినప్పుడు మనకు కావలసిన వైపు పైకి వచ్చిందో లేదో చూసుకోవాలి. ఏడు రోడ్ల కూడలి లాంటి రద్దీలో వెనక ఆటో హారన్ కొడుతుండగా పెడల్ కేసి చూడటం ప్రమాదం. అక్కడ చదునైన వైపే తొక్కి కూడలి దాటేసి, ఆ తర్వాత కాలు తగిలించుకోండి.

క్రాంక్‌బ్రదర్స్ అనే మరో కంపెనీ పెడల్స్ గురించి కూడా మీరు విని ఉంటారు. బురదలో అవి బాగా పనిచేస్తాయి, కాలు నాలుగు వైపుల నుంచీ తగిలించవచ్చు. కానీ వాటి క్లీట్ ఇత్తడితో చేసినది, తారు రోడ్డు మీదా రాతి మీదా నడిస్తే ఉక్కుకన్నా త్వరగా అరుగుతుంది. పట్టు బిగువును తగ్గించి పెంచే మర కూడా వాటికి ఉండదు. నడక ఎక్కువున్న మీకు వాటిని సూచించలేను.

ఒక జాగ్రత్త చెప్పాలి. మెత్తటి నడక షూను బాగా చిన్న పెడల్‌తో కలిపితే దూర ప్రయాణాల్లో ఇబ్బంది వస్తుంది. నాతో పాటు 200 కిలోమీటర్ల బ్రెవెట్‌కు, అంటే గడువులోగా పూర్తి చేయాల్సిన దూర సైకిల్ ప్రయాణానికి, వచ్చిన ఒక అధ్యాపక మిత్రునికి అదే జరిగింది. ఆ దూరాన్ని 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేయాలి కనుక మధ్యలో ఎక్కువ విశ్రాంతి దొరకదు. నూట ఇరవై కిలోమీటర్లు దాటేసరికి ఆయన పాదంలో క్లీట్ ఉన్న చోట నిప్పు పెట్టినట్టు మంట, ఆ తర్వాత వేళ్లకు తిమ్మిరి. ప్రతి పది కిలోమీటర్లకూ దిగి షూ విప్పి కూర్చున్నారు. తర్వాత ఆయన షూ మార్చలేదు. క్లీట్ పట్టే భాగం చుట్టూ వెడల్పాటి చట్రం ఉన్న పెడల్ వేయించుకున్నారు, క్లీట్‌ను కొంచెం వెనక్కి జరిపారు. షూ రబ్బరు ఆ చట్రం మీద ఆని బరువు పంచుకోవడంతో మంట తగ్గిపోయింది. మీరు కళింగపట్నం దాకా వెళ్లి రావడానికి ఇంత ఆలోచన అక్కర్లేదు, కాని రేపు వంద దాటి తొక్కాలనుకుంటే గుర్తుంచుకోండి.

క్లీట్లలో కూడా రెండు రకాలున్నాయి. నల్లగా ఉండే ఎస్‌హెచ్51 నుంచి మడమను పక్కకు తిప్పితేనే కాలు విడుతుంది. వెండి రంగులో ఉండే ఎస్‌హెచ్56 అయితే మడమను పక్కకు తిప్పినా, కంగారులో పైకి లాగినా విడిపోతుంది. కొత్తవారు ఎస్‌హెచ్56తో మొదలుపెట్టాలని గట్టిగా చెబుతాను. మన రోడ్ల మీద ఆవు అడ్డం వస్తుంది, ఆటో చెప్పకుండా ఆగుతుంది. విజయనగరం మయూరి జంక్షన్‌లో నేను మొదటి వారంలోనే కాలు విడిపించుకోలేక సైకిల్‌తో సహా పక్కకు ఒరిగిపోయాను. వెనకున్న బస్సు డ్రైవరు సమయానికి ఆపారు కాబట్టి గీతలతో పోయింది. అప్పుడు నా పెడల్ బిగువు కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, తగ్గించాలన్న సంగతే నాకెవరూ చెప్పలేదు. షిమానో పెడల్స్‌కు 3 మిల్లీమీటర్ల ఎలెన్ కీతో తిరిగే చిన్న మర ఉంటుంది. దాన్ని మైనస్ గుర్తు వైపు తిప్పి, రెండు పెడల్స్‌కూ అన్ని వైపులా ఒకే లెక్కలో పూర్తిగా వదులు చేయండి. నెల గడిచాక కొద్దికొద్దిగా బిగించుకోవచ్చు.

సాధన కోసం ముందు గోడ పట్టుకొని నిలబడి, ఒక్కో కాలూ యాభై సార్లు తగిలించి విడిపించండి. ఆ తర్వాత గడ్డి మైదానంలో నెమ్మదిగా తిరగండి. రోడ్డెక్కాక ఆగాల్సిన చోటికి ఇరవై అడుగుల ముందే ఎడమ కాలు విడిపించడం అలవాటు చేసుకోండి. మనం ఎడమ అంచున వెళ్తాం కనుక ఒరిగితే అటే ఒరగాలి, వాహనాల వైపు ఒరగకూడదు.

బిగించేటప్పుడు బొటనవేలి కింద ఉబ్బెత్తుగా ఉండే కీలును షూ మీద నుంచి తడిమి, పక్కన సుద్దతో గుర్తు పెట్టుకోండి. క్లీట్ మధ్యభాగం ఆ గుర్తుకు సరిగ్గా కింద కాకుండా అయిదారు మిల్లీమీటర్లు మడమ వైపు ఉంటే నడకలోనూ తొక్కుడులోనూ పిక్కకు శ్రమ తగ్గుతుంది. బల్ల మీద కూర్చొని కాళ్లు వేలాడదీస్తే మీ పాదాలు సహజంగా ఎటు చూస్తున్నాయో తెలుస్తుంది, క్లీట్ కోణం దానికి తగ్గట్టే ఉండాలి. మొదటి రెండు మూడు ప్రయాణాల్లో మోకాలి లోపలి వైపునో, బయటి వైపునో నొప్పి వస్తే ఓర్చుకోవద్దు, కోణం మార్చండి. బోల్టుల మరలకు గ్రీజు రాసి, 4 మిల్లీమీటర్ల కీతో 5 నుంచి 6 న్యూటన్ మీటర్ల బిగువు ఇవ్వాలి. అది కొలిచే పరికరం లేకపోతే రెండు బోల్టులనూ మార్చి మార్చి, పొట్టి కీతో చేతికి గట్టిగా తగిలేంతవరకు బిగించి, మొదటి ప్రయాణం తర్వాత మళ్లీ ఒకసారి బిగించండి. క్లీట్ వదులైతే మడమ తిప్పినా కాలు విడవదు. దాని వల్ల పడిపోయే ప్రమాదం ఉంది.

పెడల్ మార్పిడి వీధి చివరి మెకానిక్ చేత చేయిస్తే మీరు పక్కనే ఉండండి. ఎడమ పెడల్ మర ఎదురు తిరుగుడు. కుడి పెడల్ గడియారం ముల్లు తిరిగే దిశలో బిగుస్తుంది, ఎడమది దానికి వ్యతిరేక దిశలో. ఈ సంగతి పట్టించుకోని ఒకరు బలం కొద్దీ తిప్పి నా పాత సైకిల్ క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) మరలు చెడగొట్టారు, కొత్త క్రాంక్ కొనాల్సి వచ్చింది. ముందు చేత్తోనే నాలుగు చుట్లు తేలిగ్గా తిరగాలి, స్పానర్ ఆ తర్వాతే పట్టాలి.

ఇంత చదివాక ఈ తగిలింపులంటే మీకు భయమనిపిస్తే, చదును పెడల్స్‌లోనే చిన్న చిన్న మేకుల్లాంటి పిన్నులున్నవి దొరుకుతాయి. వాటి మీద పల్చని, మెత్తటి రబ్బరు సోల్ షూ వేసుకుంటే వానలో కూడా కాలు జారదు. కాలిని పైకి లాగడం వల్ల వచ్చే అదనపు బలం మామూలు వేగంలో చాలా తక్కువ. క్లిప్‌లెస్‌లో నాకు నచ్చిన అసలు లాభం గుంతల మీద కూడా పాదం ఒకేచోట కదలకుండా ఉండటం. మీ సమస్య వానలో జారడం ఒక్కటే అయితే ఇది కూడా సరైన దారే, ఖర్చూ తక్కువ.

చివరగా ఇసుక సంగతి. కళింగపట్నంలో తీరం మీద నడిచి వచ్చాక క్లీట్ గుంట నిండా తడి ఇసుక గట్టిపడి ఉంటుంది. అలాగే పెడల్ మీద మోపితే కాలు సగమే తగులుతుంది, లేదా తగిలి విడవదు. షూను రాయికి తట్టి, సీసాలో నీళ్లు కొంచెం పోసి, ఒక పుల్లతో గుంట శుభ్రం చేశాకే ఎక్కండి. ఇంటికొచ్చాక పెడల్ స్ప్రింగులను మంచినీళ్లతో కడిగి, ఆరాక ఒక్కో చుక్క నూనె వేసి, పైన మిగిలినది గుడ్డతో తుడిచేయండి. ఉప్పుగాలికి ముందుగా పోయేది బోల్టు తలలోని ఆరు పలకల గుంట. అందులో ఇసుక, తుప్పు పేరుకుంటే ఆర్నెల్ల తర్వాత కీ పట్టక బోల్టు ఊడదు. నేను క్లీట్ బిగించిన రోజునే ఆ రెండు గుంటల్లోనూ కొవ్వొత్తి మైనం కరిగించి నింపేస్తాను. క్లీట్ మార్చాల్సినప్పుడు గుండుసూదితో గుచ్చితే ఆ మైనం ముద్దగా బయటికి వచ్చేస్తుంది, కింద లోహం కొన్ననాటిలాగే మెరుస్తూ ఉంటుంది.